కట్టను విడిచి మైసమ్మను చదివిన పరిశోధన: ఉత్తర తెలంగాణ జలదేవతల గుళ్లు

1. సముద్రం లేని చోట సముద్రం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు సముద్రం లేదు. అయినా సముద్రమన్న మాట ఈ నేలకు కొత్తది కాదు. కాకతీయుల కాలంలో పెద్ద చెరువును కట్టించినవారు దానికి సముద్రమనే పేరు పెట్టారు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో కట్టించిన చెరువు ధర్మకీర్తి సముద్రం. ఘనపురం చెరువు గణపసముద్రం. గంభీరావుపేట మండలంలో సముద్రలింగాపూర్ అనే ఊరు ఉంది. నిర్మల్ పట్టణంలోని చెరువు ధర్మసాగరం. గోదావరి ఒడ్డు పల్లెలవారు నదిని గోదావరి అనడం కంటె గంగ అనడమే ఎక్కువ. చేపలు పట్టి జీవించే కులంవారు తమను గంగపుత్రులని చెప్పుకుంటారు. నిలిచిన నీరు సముద్రం, పారే నీరు గంగ. ఈ ప్రాంతపు తెలుగు నీటిని అర్థం చేసుకున్న తీరు ఇది.

కాబట్టి ఇక్కడ సముద్రదేవత గుడి ఎక్కడ ఉందని అడిగినవారికి సమాధానం దూరంలో లేదు. చెరువు కట్ట ఎక్కితే వేపచెట్టు కింద, పసుపు పూసిన రాయి రూపంలో కట్టమైసమ్మ కనిపిస్తుంది. ఊరిని బట్టి ఆమె పోచమ్మ, ఎల్లమ్మ, గంగమ్మ కూడా కావచ్చు. ఈ గుళ్ల చరిత్రను, నిర్మాణాన్ని తెలుగు పరిశోధన ప్రధానంగా పక్కన పెట్టింది. అందుకు ఆధారాల కొరతను కారణంగా చెప్పడం పరిపాటి. అసలు కారణం ఆధారమని దేనిని అంగీకరించాలన్న విషయంలో స్థిరపడిన అలవాటేనని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ అలవాటు వల్ల జరుగుతున్న నష్టం తిరిగి పూడ్చుకోగలిగింది కాదు.

2. కురిక్యాల: సగం చదివిన శాసనం

కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్టను ఎరుగని తెలుగు పరిశోధకులు అరుదు. వేములవాడ చాళుక్యుల కాలంలో, సా.శ. 945 ప్రాంతంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం అక్కడ సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉంది. అందులోని కందపద్యాలు తెలుగు పద్యచరిత్రకు మూలాధారాలు. తెలుగు ప్రాచీనతను నిరూపించవలసి వచ్చిన ప్రతి సందర్భంలోనూ పండితులు ఈ గుట్టను తలచుకున్నారు.

శాసనం ఛందస్సు దగ్గర ఆగిపోలేదు. జినవల్లభుడు త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే తటాకాన్ని, మదనవిలాసమనే వనాన్ని నిర్మించినట్లు చెప్పింది. కవితాగుణార్ణవుడు పంపని బిరుదు. అర్ణవమంటే సముద్రం. కవి అయిన అన్న బిరుదును తమ్ముడు ఒక చెరువుకు పెట్టాడు. బసది, చెరువు, తోట ఈ మూడింటినీ ఒకే ధర్మకార్యంలోని అంగాలుగా శాసనకర్త భావించాడు. గుట్ట మీద రాతిలో మలచిన చక్రేశ్వరిని, జినుల ప్రతిమలను చూసిన జనం ఆమెను బొమ్మలమ్మ అన్నారు. గుట్టకు ఆ పేరే నిలిచింది.

తరువాతి పరిశోధన ఈ మొత్తాన్ని విడదీసి పంచుకుంది. పద్యాలు ఛందశ్శాస్త్రానికి చేరాయి. జినవల్లభ పంపల బాంధవ్యం కవుల చరిత్రకు చేరింది. చక్రేశ్వరి జైనశిల్ప చరిత్రకు చేరింది. తటాకానికి మాత్రం పాఠ్యాంశాలలో చెప్పుకోదగిన చోటు దొరకలేదు. బొమ్మలమ్మ అన్న పేరు, స్థానికులు అలా పిలుస్తారన్న ఒక్క వాక్యంతో ముగిసింది. పదవ శతాబ్దపు జైనదేవతను ఆ మతం ఈ ప్రాంతంలో క్షీణించిన తరువాత జనం తమ అమ్మగా స్వీకరించారు. రాయించినవారి మతం మాసిపోయినా పూజించినవారి భాష స్థలానికి పేరై మిగిలింది. తెలుగు పరిశోధకునికి కందపద్యం ఎంత ఆధారమో ఈ పేరూ అంతే ఆధారం. ఒకటి తెలుగు ఎప్పుడు పద్యంగా రాతికెక్కిందో చెబుతుంది. మరొకటి రాతిలోని దేవత ఎలా తెలుగుదైందో చెబుతుంది.

3. వ్యుత్పత్తితో తీరని ప్రశ్న

జలదేవతల గురించి రాసినప్పుడు తెలుగు పండితులు తరచుగా ఆశ్రయించే మార్గం వ్యుత్పత్తి. మైసమ్మ అన్న పదాన్ని మహిష శబ్దంతో ముడిపెట్టి, ఆమె మహిషాసురమర్దిని గ్రామీణరూపమని తేల్చడం ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ధ్వనిపరిణామం దృష్ట్యా ఆ నిర్ణయం సరైనదే అయినా, అది ఒక పదం పుట్టుకను చెబుతుందే గాని ఒక గుడి చరిత్రను చెప్పదు. మహిషాసురుని చంపిన దేవి చెరువు కట్ట మీదకు ఎందుకు వచ్చింది? ఆమెకు జాతర జరిగే కాలానికీ చెరువు నిండే కాలానికీ సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నలకు వ్యుత్పత్తి మౌనమే సమాధానంగా ఇస్తుంది.

కట్టమైసమ్మ, గండిమైసమ్మ, కోటమైసమ్మ అన్న పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. మూడింటిలోనూ ఉత్తరపదం ఒకటే. భేదమంతా పూర్వపదంలో ఉంది. కట్ట నీటికి ఎల్ల. గండి కట్ట తెగిన చోటు, లేదా కొండల నడుమ దారి. కోట ఊరికి రక్ష. లోపలి దానిని వెలుపలి దాని నుంచి వేరుచేసే ఎల్ల బలహీనపడే చోట మైసమ్మ నిలిచింది. సమాసంలోని ఈ పూర్వపదమే దేవత స్వభావాన్ని నిర్ణయిస్తున్నది. వ్యుత్పత్తివాదులు విడిచిపెట్టినది దానినే. సంస్కృత మూలం దొరికే అవకాశం ఉన్న సగాన్ని తీసుకుని, తెలుగుదైన సగాన్ని వదులుకున్నారు. తెలుగు శాఖలలో జరిగే పరిశోధనకు ఇంతకంటె విచిత్రమైన స్థితి మరొకటి ఉండదు.

4. కట్టే ప్రాకారం

ఈ గుళ్లకు వాస్తుశిల్పం లేదన్నది మరొక వాదం. విమానం, మండపం, అధిష్ఠానం, ద్వారశాఖ మొదలైన పరిభాషతో చూస్తే నిజంగానే అక్కడ వర్ణించడానికి ఏమీ కనిపించదు. నాలుగడుగుల గూడు, ఒక రాయి, ఒక చెట్టు. అయితే రామప్ప గుడిని కొలిచే కొలబద్దతో మైసమ్మ గుడిని కొలిచి, ఏమీ లేదని చెప్పడం కొలబద్ద గురించి చెప్పిన మాట అవుతుంది. రామప్ప విషయంలో కూడా గుడిని చెరువు నుంచి వేరుచేయలేము. 1213 నాటి ఆ దేవాలయాన్ని, ఆ ప్రాంతంలోని చెరువును నిర్మించిన రేచర్ల రుద్రుని కార్యాన్ని ఒక్కటిగా చూస్తేనే పాలంపేట అర్థమవుతుంది.

కట్టమైసమ్మ గుడి నిర్మాణం గూటితో ముగియదు. కట్ట ఆమెకు ప్రాకారం. తూము ఒక ద్వారం, మత్తడి మరొక ద్వారం. తూము గుండా నీరు పొలానికి పోతుంది. చెరువు నిండినప్పుడు మత్తడి దుంకి కింది చెరువుకు పోతుంది. ఎదుట శిఖం, వెనుక ఆయకట్టు. పొలానికి నీరు వదిలే నీరటికాడు, నీరు తక్కువైన ఏడు ఎవరి మడి ఎంత పారాలో నిర్ణయించే తైబందీ, ఇవి ఆ స్థలపు వ్యవహారంలో భాగాలు. చెరువు నిండి మత్తడి పోసిన రోజు ఊరివారు పసుపు, కుంకుమ, చీర, రవికె తెచ్చి గంగమ్మకు సమర్పిస్తారు. బతుకమ్మను సాగనంపేదీ ఆ నీటిలోనే. గుడిని కొలవాలనుకునేవారు గూటి పొడవు వెడల్పులతో పాటు అది తూముకు ఎంత దూరంలో ఉందో, మత్తడికి ఏ వైపున ఉందో, కట్ట మలుపులో ఉందో నడుమ ఉందో కూడా కొలవాలి.

చెరువును అంగాలు గల నిర్మాణంగా చూడటం ఈనాటి ఊహ కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, తటాకానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను లెక్కించింది. దోషాలలో కట్ట నుంచి నీరు ఊటగా కారడం ఒకటి. శాస్త్రం దోషమని పేర్కొన్న ఆ భయమే ఊరి వ్యవహారంలో దేవత అయింది. కట్టను నిత్యం ఎవరో ఒకరు చూస్తుండాలన్న నియమానికి మైసమ్మ రూపమిచ్చింది. ఆమె దగ్గరకు దీపం పెట్టడానికి వెళ్లినవారు కట్టను కూడా చూసి వస్తారు.

నిలిచి ఉండేదే నిర్మాణమన్న నమ్మకమూ పరీక్షకు నిలవదు. ఎల్లమ్మ కొలుపులో బైండ్లవారు నేల మీద రంగుల పొడులతో పట్నం వేస్తారు. జమిడిక మీద కథ చెబుతారు. పట్నమంటే నగరం. గీతలతో, గడులతో దేవతకు ఒక నివాసాన్ని నేల మీద నిలిపి, కార్యం ముగిశాక దానిని తొక్కి చెరుపుతారు. ప్రతిసారీ జ్ఞాపకం నుంచి తిరిగి గీయగలిగిన ఆ ఆకృతికి వాస్తుపటమన్న పేరు చెల్లదనడానికి కారణం కనిపించదు. హుస్నాబాద్‌లో ఎల్లమ్మ గుడి, ఎల్లమ్మ చెరువు ఒకే పేరును పంచుకున్నాయి. అక్కడ గుడి ఎక్కడ ముగిసి చెరువు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నను ఆ పేరే అడగనివ్వదు.

5. సాహిత్యానికి తెలిసినది, విమర్శ విడిచినది

జలదేవతల స్థలాలు సాహిత్య పరిశోధకుల పరిధిలోనివి కావన్న అభ్యంతరం వినవస్తుంది. తెలుగు సాహిత్యం ఆ మాటను అంగీకరించదు. ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామం ఏకవీరను, మైలారుదేవుని భక్తులను, వారి కొలుపులను విడిచిపెట్టలేదు. ఆ వర్ణనలను చరిత్రకు ఆధారాలుగా చదవవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర చూపింది. జానపద గేయాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన విషయంగా బిరుదురాజు రామరాజు నిలిపారు. అంటే మార్గం వేసినవారు తెలుగువారే, అందులోనూ తెలంగాణవారే.

మార్గం అక్కడి నుంచి ముందుకు సాగలేదు. రాయలసీమ నుంచి ఒక ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి ముసలమ్మ మరణం 1900లో వెలువడింది. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుండగా ఊరిని కాపాడటానికి గండికి ఆత్మార్పణ చేసుకున్న ఒక కోడలి కథ అది. ఇక్కడా చెరువు పేరు సముద్రమే. ఈ కావ్యంలోని విషాదాంతాన్ని, పాశ్చాత్య ప్రభావాన్ని, ఆధునిక కవిత్వంలో దాని స్థానాన్ని విమర్శకులు విస్తారంగా చర్చించారు. ముసలమ్మ ఆ కట్ట మీద దేవతగా పూజలందుకున్న సంగతి మాత్రం కథాపరిచయంలో ఒక పంక్తిగానే మిగిలింది. కావ్యానికి మూలమైన స్థలం కావ్యచర్చలో వెలుపలే ఉండిపోయింది. త్యాగమన్న భావం విమర్శకు అందింది. కట్ట అందలేదు.

బాసరలోనూ ఇదే జరిగింది. నిర్మల్ జిల్లాలో గోదావరి ఒడ్డున వెలసిన జ్ఞానసరస్వతిని వ్యాసుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం చెబుతుంది. నది నుంచి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి విగ్రహాన్ని రూపొందించాడన్నది ఆ కథలోని ముఖ్యాంశం. సరస్వతి స్వయంగా నదీదేవత. ఆమె రూపం నది ఇసుక. నీటినీ దేవతనూ ఇంత దగ్గరగా ముడివేసిన కథను వ్యాసుని పేరు నుంచి బాసర పేరు వచ్చిందా అన్న చర్చకే పరిమితం చేశారు. వ్యాసుడు వ్యాసాలలోకి వచ్చాడు. ఇసుక నదిలోనే ఉండిపోయింది.

6. ప్రత్యాక్షేపాలు

ఈ వాదంపై మూడు ఆక్షేపణలు రాగలవు. మొదటిది, కాలనిర్ణయం చేయలేని గుడికి చరిత్ర రాయలేమన్నది. గూటిలోని రాయికి తేదీ లేకపోవచ్చు. చెరువుకు, తూముకు, ఊరి పేరుకు, మాన్యానికి ఆధారాలు దొరికే అవకాశం ఉంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో 1974లో వెలువడిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటం వంటివి ఇందుకు అందుబాటులో ఉన్నాయి. వాటిని రాజవంశాల కోసం, భాషారూపాల కోసం చదివినట్లే చెరువుల కోసం కూడా చదవాలి. పైగా సాహిత్యచరిత్ర తేదీ తెలియని కవులను ఎన్నడూ వెలివేయలేదు. వారి కాలాన్ని గురించి శతాబ్దం పాటు వాదించింది. కవికి ఇచ్చిన ఆ ఓర్పును దేవతకు నిరాకరించడంలో న్యాయం లేదు.

రెండవది, ఇది పురావస్తు శాఖవారి పని అన్నది. పురావస్తు శాఖ రాతిని, ఇటుకను చదవగలదు. మత్తడికి అలుగుకు తేడా ఏ ఊరిలో ఎలా ఉందో, బైండ్ల కథకుడు ఏ చెరువు పేరు వద్ద గొంతు మారుస్తాడో చదవవలసినవారు భాషాసాహిత్య పరిశోధకులే. కట్టమైసమ్మ గుడిలో చాలా భాగం మాటలతో కట్టినది. మాటల నిర్మాణాన్ని పరిశీలించే శాఖ ఆ పనిని ఇతరులకు అప్పగించడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

మూడవది, బలమైనది. పాత గూడును తీసి సిమెంటు గుడి, గోపురం కట్టుకోవాలని కోరుతున్నది గ్రామస్థులే కదా, దానిని తప్పుపట్టే హక్కు పరిశోధకునికి ఏముందన్న ప్రశ్న ఇది. హక్కు లేదు. అంటరానితనాన్ని అనుభవించిన కులాలవారు తమ దేవతకు పెద్ద గుడి కావాలని కోరుకోవడంలో గౌరవకాంక్ష ఉంది. ఆ ఆకాంక్షను పాతదనంపై మోజుతో అడ్డగించడం అన్యాయం. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ ఈ విషయంలో గమనించదగిన ఉదాహరణ. అక్కడి నాగోబా జలదేవత కాదు, సర్పదేవత. కాని కొలువు నీటితోనే మొదలవుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరిలోని హస్తినమడుగు నుంచి నీరు తెస్తారు. ఆ వంశం తమ విరాళాలతో రాతి గుడిని నిర్మించుకుని 2022లో ప్రతిష్ఠ జరుపుకుంది. కట్టడం మారింది. నీటి కోసం నడిచే దారి, ఆ దారిపై వంశానికి ఉన్న అధికారం మారలేదు. దీనిని బట్టి పునర్నిర్మాణం దానంతట అది నష్టం కాదని తెలుస్తున్నది. దేవతకు నీటితో ఉన్న సంబంధం తెగినప్పుడే నష్టం. ఆ సంబంధం ఏమిటో ముందుగా నమోదు కాకపోతే, తెగినదో లేదో చెప్పడానికి కూడా ఎవరికీ వీలుండదు.

7. మునిగిన కట్టలు

ఈ చర్చ పుస్తకాలకే పరిమితమైనదైతే ఇంత తొందర అవసరం లేదు. మధ్య మానేరు జలాశయం కింద అనుపురం, చింతల్‌ఠాణా, రుద్రవరం, కొడుముంజ వంటి ఊళ్లు మునిగాయి. గోదావరి మీద ఎల్లంపల్లి, అంతకుముందు కరీంనగర్ దగ్గర దిగువ మానేరు కూడా ఊళ్లను ముంచి నిండినవే. నీరు కావలసిన నేలకు నీరు వచ్చింది. ఆ ప్రయోజనాన్ని కాదనలేము. అయితే పెద్ద జలాశయం చిన్న చెరువును మింగినప్పుడు కట్టకు కావలి ఉన్న దేవత నీటి అడుగున ఉండిపోతుంది. పునరావాస కాలనీలో గుడికి స్థలం చూపవచ్చు. కట్టను చూపలేరు. కట్ట లేని చోట కట్టమైసమ్మ అన్న పేరులోని సగానికి అర్థం ఉండదు.

రాతి గుళ్ల విషయంలో ప్రభుత్వాలు వేరుగా ప్రవర్తించాయి. శ్రీశైలం ప్రాజెక్టులో మునగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి అలంపురానికి తరలించి తిరిగి కట్టారు. నాగార్జునసాగర్ కింద మునగబోయే నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కట్టడాలను ఎత్తైన చోటికి చేర్చారు. అవి చేయవలసిన పనులే. వాటికి ముందు ఆ కట్టడాల విలువను చెప్పిన పండితులు ఉన్నారు. మునిగిన ఊళ్ల కట్టమైసమ్మకు అటువంటి సాక్ష్యం చెప్పేవారు లేకపోయారు. దీనికి ఇంజినీర్లను నిందించి ప్రయోజనం లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను లెక్కలోకి తీసుకుంది. పూడిక, కట్ట, తూము, మత్తడి మరమ్మతు పనులయ్యాయి. దేవత మరమ్మతు పద్దు కాదు. కట్టను వెడల్పు చేసినప్పుడు జరిపిన గూడు అంతకుముందు ఎక్కడ ఉండేదో చెప్పగల పత్రం ఉండాలంటే, దానిని తయారుచేయవలసినది విశ్వవిద్యాలయం.

8. తెలుగు శాఖల పని

చేయవలసిన పని అసాధ్యమైనది కాదు. ఉత్తర తెలంగాణలో తెలుగు శాఖలకు విద్యార్థులు చెరువులున్న ఊళ్ల నుంచే వస్తున్నారు. ఒక్కొక్కరు తమ ఊరి జలదేవతా స్థలాన్ని ఒక నిర్ణీత పద్ధతిలో నమోదు చేయగలరు. చెరువు పేరు, దానికి గల పర్యాయనామాలు. గుడి తూముకు, మత్తడికి ఉన్న స్థానం. కొలుపు జరిపే కులం, పూజారి వంశం. కథ చెప్పేవారు, వాద్యం. జాతర తిథి, ఆనాటికి చెరువులో నీటి మట్టం. గుడి కదిలి ఉంటే కదిలిన ఏడు, కదిలించిన కారణం. బైండ్ల కథను సేకరించేటప్పుడు పాఠంతో పాటు ఆ కథ ఏ కట్ట మీద చెప్పినదో రాయాలి. స్థలం లేని పాఠం సగం పాఠమే.

ముంపు ఊళ్ల నుంచి తరలివచ్చినవారిలో పాత కట్ట జ్ఞాపకం ఉన్న తరం ఇంకా ఉంది. చెరువు ఎటు నుంచి నిండేదో, మైసమ్మ ముందు ఎవరు నిలబడేవారో వారు చెప్పగలరు. వారి పిల్లలకు ఆ కట్ట కనిపించదు. కాబట్టి నమోదు మునిగిన ఊళ్లతో మొదలై, నిలిచిన చెరువుల వైపు సాగడం ఉచితం. శాసనం చెదిరిపోయినా అచ్చుప్రతి తీసి ఉంటే మళ్లీ చదువుకోవచ్చు. మనిషి జ్ఞాపకానికి అటువంటి అచ్చుప్రతి లేదు.

వెయ్యేళ్ల కిందట కురిక్యాలలో జినవల్లభుడు బసదిని, చెరువును, తోటను, పద్యాన్ని ఒకే శాసనంలో చేర్చాడు. ఆయనకు అవి వేరువేరు విషయాలుగా తోచలేదు. పద్యాన్ని మాత్రమే తనదనుకున్న తెలుగు పరిశోధన ఇప్పుడు చెరువును కూడా తనదిగా గుర్తించాలి. కవితాగుణార్ణవమన్న పేరులో కవిత్వమూ సముద్రమూ రెండూ ఉన్నాయి.